పూలు కట్టే సుప్రీంకోర్టు

పదకొండు కొట్టేలోగా కాగితం నింపి ఇవ్వాలి. వార్డు ఆఫీసు గోడ గడియారంలో పది దాటి అయిదు నిమిషాలైంది. జూలియట్ ఒళ్లో ఉన్న ఆ కాగితం మీద పది గళ్లున్నాయి. ఒక్కో గడిలో పేరు, వయసు, గుర్తింపు కార్డు నంబరు, చిరునామా. పైన బర్మా లిపిలో గుండ్రంగా ఒకే వాక్యం: ఇంటి వద్ద నడుపుతున్న తరగతికి వచ్చే విద్యార్థుల వివరాలు. అడుగున సంతకానికి చుక్కల గీత. అంతే. ఇంత అమాయకంగా కనిపించే కాగితాన్ని ఆమె తన యాభై ఏడేళ్లలో చూడలేదు. చర్చి పిక్నిక్కుకి ఎన్ని భోజనాలు కావాలో రాసుకునే కాగితంలా ఉంది. బల్ల వెనక వార్డు పెద్ద ఊ టిన్ ల్విన్ కిళ్లీ నములుతూ ఫోనులో ఎవరి మాటో వింటున్నాడు, మధ్యమధ్య "అవును సార్" అంటున్నాడు. అతని ముందు మూడు రబ్బరు ముద్రలు, ఒక ఇంకు మెత్త. "గంట టైమిస్తున్నాను సయామ," అన్నాడు ఇందాక. సయామ అంటే పంతులమ్మ. ఈ ఊళ్లో పంతులమ్మని ఉత్త పేరుతో పిలవరు, పోలీసు బండి ఎక్కించేటప్పుడు కూడా సయామ అనే అంటారు. తర్వాత కాస్త ముందుకు వంగి, సొంత తమ్ముడిలా గొంతు తగ్గించి, ఇంకో మాట అన్నాడు. "మీది ఆకుపచ్చ కార్డు కదా. ఆలోచించుకోండి."

ఆలోచించుకోమంటే ఆలోచించుకుంటుంది, ముప్పై ఏళ్లు పిల్లల చేత చేయించిన పని అదే కదా. కానీ ఒక్క జాగ్రత్త. వాళ్ల పేర్లు మనసులోకి రానివ్వకూడదు. మనసులోకి వచ్చిన పేరు నాలుక మీదికి రావటానికి ఎంతసేపు, నాలుక మీదికి వచ్చింది కలంలోకి దిగటానికి ఎంతసేపు. కాబట్టి పేర్లు వద్దు, పదవులు చాలు. క్లాసులో ఎలాగూ పదవులతోనే పిలుస్తుంది వాళ్లని. కిటికీ పక్కన కూర్చునే పొడుగాటి కుర్రాడు ప్రెసిడెంటు. వాడికి పందొమ్మిది. పూలు కట్టే మేరమ్మ మనవడు, అంతవరకే, ఆపైన తలుపు వేసెయ్. ముక్కుపుడక పిల్ల స్పీకరు. కవలలిద్దరూ సెనేటు, ఒక రాష్ట్రానికి ఇద్దరు కదా మరి. మిగిలినవాళ్లు దిగువ సభ, ఎప్పుడూ గోలే. కిందటి నెలలో దిగువ సభ ప్రెసిడెంటు మీద అభియోగం పెట్టింది, అందరి సమోసాలూ ఒక్కడే తిన్నాడని. సెనేటులో విచారణ. మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి టీచర్, ఇద్దరే ఉన్నారు, ఇద్దరిలో మూడింట రెండు వంతులంటే ఎంతమంది అని స్పీకరు అడిగింది. ఇద్దరూ ఒప్పుకోవాల్సిందే అంది జూలియట్. కవలల్లో ఒకడికి ప్రెసిడెంటు అప్పటికే సగం సమోసా దాచి ఇచ్చాడు, పదవి దక్కింది. నవ్వి నవ్వి అందరి కళ్లలోనూ నీళ్లు. ఆ పందొమ్మిదేళ్లవాడు ఈ కాగితం మీదికి ఎక్కితే నెల తిరక్కుండా జుట్టు గొరిగించుకుని ఎక్కడో శిక్షణ శిబిరంలో ఉంటాడు. పద్దెనిమిది నుంచి ముప్పై అయిదు దాకా మగపిల్లలు సైన్యంలో చేరాలని చట్టం బయటికి తీశాక ఈ ఊళ్లో జాబితా అన్న మాటకి ఒకటే అర్థం మిగిలింది. ప్రతి దఫాకీ వార్డుకి ఇంతమందని పైనుంచి లెక్క వస్తుందట. ఊ టిన్ ల్విన్ "అవును సార్" అంటున్నది ఆ లెక్క గురించే కావచ్చు.

పదీ పదిహేను. కరెంటు పోయింది. పంకా నెమ్మదించి నెమ్మదించి ఆగింది. వెనక ఎక్కడో గుమాస్తా జనరేటరు తాడు లాగుతున్నాడు, అది దగ్గి ఊరుకుంటోంది. మే నెల ఉక్కకి కాగితం అరచేతికి అంటుకుంది. ఇదిగో ఈ కరెంటు వల్లే కదా మొదలైందంతా, పూలు కట్టే ముసలమ్మలు తన ఇంట్లో చేరటం. రంగూన్ నడిబొడ్డున పబేడాన్‌లో నాలుగో అంతస్తు, ఎనభై ఆరు మెట్లు, ఒకటే పొడుగాటి గది. అమెరికావాళ్ల హైస్కూలు పరీక్ష జి.ఇ.డి.కి పిల్లల్ని తయారుచెయ్యటానికి ఇంట్లో ఒక బ్యాటరీ పెట్టింది, ఒక లైటు, ఒక పంకా. సైన్యం నడిపే బడికి వెళ్లనన్న పిల్లలకి ఈ ఊళ్లో మిగిలిన దారి ఆ పరీక్షే. లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు, నాలుగోది సోషల్. ఆ నాలుగోదాంట్లోనే ఉంది అసలు సంగతి, అమెరికా ప్రభుత్వం ఎలా నడుస్తుందో నేర్చుకోవాలి. ఎదురింటి సన్యాసమ్మ మొదటివారమే వచ్చింది. "మా గదిలో ఉడికిపోతన్నాం, నీ పంకా కింద ఓ మూల కూకుని పూలు కట్టుకుంటాం, నోరెత్తితే ఒట్టు" అంది. ఒక్కతే కదా అనుకుంది జూలియట్. రెండోరోజు ముగ్గురు, నెల తిరిగేసరికి తొమ్మండుగురు. గుళ్లకీ షాపుల్లో పటాలకీ మల్లెదండలు కట్టే తెలుగు ఆడవాళ్లు, అందులో ఇద్దరు బాప్టిస్టులు, అయినా కట్టేది మాత్రం వినాయకుడికి. గోడకి వీపులానించి బారుగా కూర్చుంటారు. నోరెత్తనని ఒట్టు పెట్టిన మనిషి మూడేళ్లుగా నోరు మూసింది లేదు. సుప్రీంకోర్టు పాఠం చెప్పిన రోజున, తొమ్మిదిమంది న్యాయమూర్తులుంటారు, ఒకసారి కూర్చున్నాక బతికున్నంతకాలం వాళ్లని ఎవరూ లేపలేరు అని జూలియట్ అనగానే పిల్లలంతా ఒక్కసారిగా గోడవైపు తిరిగారు. ఆ రోజునుంచి వాళ్లు సుప్రీంకోర్టు. "ఏటంటన్నారే పిల్లలు?" అని సన్యాసమ్మ అడిగితే ప్రెసిడెంటు తెలుగులోకి తిప్పి చెప్పాడు. ఆవిడ దండ పక్కన పెట్టి, "మరి జీతమెంత?" అంది.

జనరేటరు అందుకుంది. పంకా మళ్లీ కదిలింది. ముద్రలు మూడూ బల్ల మీద చిన్నగా వణుకుతున్నాయి. ఒకటి ఇంటికి చుట్టం వస్తే రాత్రి ఉండనిచ్చే ముద్ర. రెండోది ఉద్యోగానికో పాస్‌పోర్టుకో ఈ మనిషి మంచివాడని చెప్పే ముద్ర. మూడోది ఇవాళ తనని ఇక్కడికి రప్పించిన ముద్ర. మూడూ ఒకే చేతి కింద. చట్టం చేసేవాళ్లు ఒకరు, దాన్ని నడిపేవాళ్లు ఇంకొకరు, తప్పొప్పులు తేల్చేవాళ్లు మరొకరు, ఒకరి చెయ్యి ఇంకొకరి జేబులో ఉండకూడదు, అంతే, పాఠం మొత్తం అదే. ఎన్నిసార్లు చెప్పినా పిల్లలకి ఎక్కలేదు మొదట్లో. ఎందుకు విడదీయాలి టీచర్, ఒక్కడే మంచివాడైతే తొందరగా పనైపోతుంది కదా అన్నాడు సెనేటులో పెద్దవాడు. తను వీటో గురించి, కోర్టు గురించి పావుగంట చెప్పింది. మూలనుంచి సన్యాసమ్మ కలగజేసుకుంది. తమ తొమ్మిదిమందికీ ఒక కట్టుబాటు ఉంది, ఆవిడ తల్లి నాటినుంచీ ఉన్నది. దండ కట్టిన మనిషి దాన్ని మూరేసి కొలవకూడదు. కొలిచిన మనిషి అమ్మకూడదు. "ఎందుకంటే, కట్టినదీ నాను, కొలిసినదీ నాను, అమ్మినదీ నాను అయితే, నాకు తెలకుండానే నా మోసెయ్యి ముడుసుకుపోతాది. మూర పొట్టైపోతాది. నాను దొంగనని కాదు బాబూ. సెయ్యి అలాంటిది." పిల్లలు రాసుకున్నారు ఆ మాట. అమెరికా రాజ్యాంగాన్ని రాసినవాళ్లు మాత్రం దేవుళ్లా, మనుషుల్ని కొని పొలాల్లో పెట్టుకున్నవాళ్లు, ఆడవాళ్లకి ఓటు అక్కర్లేదనుకున్నవాళ్లు, ఆ సంగతీ చెప్పింది పిల్లలకి. ఇప్పుడూ అక్కడ మూర ఎవరు కురచ చేస్తున్నారో అని రోజూ గొడవే. ఆ దేశం గొప్పదని కాదు తను చెప్పేది. మోచెయ్యి ఎవరిదైనా ముడుచుకుపోతుందని ముందే రాసి పెట్టుకున్నారు, ఆ తెలివి గొప్పది.

పదీ ఇరవై అయిదు. కలం ఇంకా మూత తియ్యలేదు. అయిదేళ్ల కిందట, సైన్యం గద్దెనెక్కిన ఫిబ్రవరిలో, ఇలాగే ఒక కాగితం వచ్చింది, హెడ్‌మిస్ట్రెస్ చేత్తో తెచ్చి ఇచ్చింది. సమ్మె మాని బడికి తిరిగి వస్తున్నాను, జరిగిందానికి చింతిస్తున్నాను. రెండు వాక్యాలు, ఒక చుక్కల గీత. సంతకం చేస్తే జీతం, పెన్షను, క్వార్టరు. భర్త చార్లెస్ అప్పుడు బతికే ఉన్నాడు. కాగితం చదివి, అద్దాలు తీసి తుడుచుకుని, "చింతిస్తున్నావా?" అన్నాడు. లేదంది. "మరింకేం, అబద్ధం రాయకు" అని టీ పెట్టటానికి లేచాడు. ఆ జూలైలో కరోనాతో పోయాడు, ఊరంతా ఆక్సిజన్ సిలిండర్ల కోసం క్యూలో నిలబడ్డ నెలలో. తను క్యూలో ముప్పై ఏడో మనిషి. ముందున్న ముప్పై ఆరుమంది వీపులూ ఇప్పటికీ గుర్తే. ఆ క్యూలో ఒక్కరూ తోసుకోలేదు, ఎవరి వంతు వాళ్లది, అదో ప్రభుత్వం, దానికి జెండా లేదు అంతే. అక్కడే, నిలబడి నిలబడి, అనుకుంది, ఇక వీళ్ల కాగితం ఏదీ నింపనని. మరి ఇవాళ ఒళ్లో పెట్టుకుని కూర్చుందేం? నింపకపోతే ఏమవుతుందో తెలుసు కనక. ఇల్లు సోదా చేస్తారు, పుస్తకాలు దొరుకుతాయి, ఫోను దొరుకుతుంది, ఫోనులో పదకొండుమంది పిల్లలూ ఉన్నారు. పిల్లలు ఇక ఆ మెట్లెక్కరు, ఆ సంగతి నిన్న సాయంత్రమే తేల్చేసింది. పాఠం ఇకమీద ఎక్కడో, ఎప్పుడో, ఆ చోటు మనసులో కూడా అనుకోదు. పేర్ల తలుపు పక్కనే ఇంకో తలుపు, దానికీ గడియ. అయినా ఈ కాగితం ఖాళీగా తిరిగి వెళ్లకూడదు. ఖాళీ కాగితం వాళ్లని మెట్లెక్కిస్తుంది.

పోనీ ఏవో పేర్లు కల్పించి రాస్తే? కలం మూత సగం తిప్పింది కూడా. ఆంగ్ ఏదో, క్యా ఏదో, ఇరవై ఏళ్లు, పలానా వీధి. చెయ్యి ఆగింది. సంచౌంగ్ తెలుగు చర్చిలో డీకనుగా చేసిన నాన్న గుర్తొచ్చి కాదు, అబద్ధసాక్ష్యం పలకకూడదని ఆయన ఆదివారం ఆదివారం చెప్పినందుకూ కాదు, అదీ ఉందిలే కానీ అంతకంటే గట్టిది ఇంకోటి ఉంది. బర్మావాళ్లకి ఇంటిపేరుండదు. రెండక్షరాలో మూడక్షరాలో కలిపితే పేరు. ఏ పేరు కల్పించినా ఆ పేరు పెట్టుకున్న కుర్రాడు ఈ నగరంలో ఎక్కడో ఉండే ఉంటాడు, టీకొట్లో గ్లాసులు కడుగుతూనో, సైకిల్ రిక్షా తొక్కుతూనో. లెక్క కోసం తిరిగేవాళ్లకి వాడైనా సరిపోతాడు. తన అబద్ధం వెళ్లి ఎవరో తల్లి తలుపు తడుతుంది. కాబట్టి రాసే ప్రతి పేరూ నిజమైనది అయ్యుండాలి, ఆ మనిషికి ఏమీ కాకుండా ఉండాలి. అలాంటి పేరు ఈ దేశంలో ఎవరిది? చచ్చినవాళ్లది. జోగి, తన తాత పేరు, అది రాయనా? కానీ చచ్చినవాడికి కార్డు నంబరేది? సేక్కాన్ రేవులో బియ్యం బస్తాలు మోసిన జోగి. కళింగపట్నం దగ్గర పల్లెనుంచి ఓడెక్కి వచ్చి, దిగిన రోజునే మేస్త్రీ చాపిన కాగితం మీద బొటనవేలు వేశాడు. కాగితంలో సగం ఖాళీ. తర్వాత ఆ ఖాళీలో ఏం రాశారో ఆయనకి ఎవరూ చదివి వినిపించలేదు, పదకొండేళ్లు ఆ మేస్త్రీ దగ్గరనుంచి కదల్లేకపోయాడు. ఆయన పిల్లలకి ఆస్తి ఇవ్వలేదు, ఒక మాట ఇచ్చాడు. ఖాళీ గడి ఉంచి కాగితం మీద వేలు పెట్టొద్దు. వాళ్లింట్లో ఈనాటికీ కరెంటు దరఖాస్తులో కూడా ఖాళీ ఉంటే గీత కొడతారు. కొట్టకపోతే ఆ ఖాళీలోకి ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు.

ఆకుపచ్చ కార్డు. సంచీలో ఉంది, ప్లాస్టిక్ కవరులో. గులాబీరంగు కార్డువాళ్లు పుట్టుకతో పౌరులు, నీలంవాళ్లు అనుబంధ పౌరులు, ఆకుపచ్చవాళ్లు చేర్చుకుంటే చేరినవాళ్లు, చేర్చుకున్నవాళ్లు కాదంటే కాదు. తను పుట్టింది రంగూన్ జనరల్ ఆసుపత్రిలో. నాన్న పుట్టింది ఇక్కడే, నాన్న చచ్చిందీ ఇక్కడే, జోగి వీపు మీది చర్మం సగం సేక్కాన్ రేవులోనే రాలింది. అమెరికా రాజ్యాంగంలో పద్నాలుగో సవరణ చెప్పిన రోజున పిల్లలు పెన్నులు ఆపారు. ఆ గడ్డ మీద పుట్టినవాళ్లు ఆ దేశపు పౌరులు, ఒక్క వాక్యం. స్పీకరు చెయ్యెత్తింది. మీరెక్కడ పుట్టారు టీచర్? ఇక్కడే. మీ కార్డు ఏం రంగు? గోడ దగ్గర దండలు కట్టే చేతులు ఆగాయి. జూలియట్ కార్డు తీసి చూపించింది, అందరి చేతులూ మారి తిరిగొచ్చింది. పరీక్షలో ఈ ప్రశ్న రాదు, రాసుకోకండి అంది. ఒక్కరూ పెన్ను దించలేదు, రాసుకున్నారు. ఇవాళ అదే రంగుని ఇతను బల్ల మీద పెట్టి చూపించి ఆలోచించుకోమంటున్నాడు. నాన్న ఆ కార్డుని బైబిల్లో దాచుకునేవాడు, పోతుందేమో పోతుందేమో అని చచ్చేదాకా భయపడి, ఒక్క మీటింగుకి పోక, ఒక్క కాగితం మీద గట్టిగా సంతకం చెయ్యక, మెల్లిగా బతికాడు. ఏం మిగిలింది? కార్డు మిగిలింది. ఆయన లేడు. తీసుకోనీ. ఆ మాట మనసులో పలికాక ఆమెకే ఆశ్చర్యం వేసింది, ఎంత తేలికగా పలికింది. తీసుకుంటే తీసుకోనీ. పుట్టిన చోటుని ఏ ముద్రతో కొట్టేస్తారు?

పదీ నలభై. గుమ్మం బయటనుంచి నవ్వు వినిపించింది. వాళ్లే. పొద్దున జూలియట్ చెప్పులు వేసుకునేసరికి తొమ్మిదిమందీ మెట్ల మీద బుట్టలతో తయారు. ఎక్కడికంటే, "ఆడమనిసిని ఆఫీసుకి ఒక్కద్దాన్ని పంపుతామేటి? ఏ కాలంలో పంపాం?" అంది భాగ్యవతి. నిజమే, సన్యాసమ్మ మొగుడి చావు రాయించటానికి వెళ్లినా, మేరమ్మ ఇంటి చీటీలో మనవడి పేరు ఎక్కించటానికి వెళ్లినా, వాడి పేరు వద్దన్నానా, ఎవరు వెళ్లినా మందగా వెళ్లటమే వాళ్ల పద్ధతి. లోపలికి రానివ్వకపోతే గుమ్మంలో కూర్చుంటారు. ఇప్పుడు ఆఫీసు వరండాలో తడిగుడ్డ పరిచి మొగ్గలు పోసుకుని దండలు కడుతున్నారు. గుమాస్తా రెండుసార్లు వచ్చి లెమ్మన్నాడు. సన్యాసమ్మ అతని చేతిలో ఒక మూర మల్లెలు పెట్టి పెళ్లామెలా ఉందని అడిగింది, అతను మూడోసారి రాలేదు. జూలియట్ కిటికీలోంచి వాళ్లని చూసింది. నెరిసిన తొమ్మిది తలలు. చెంపల మీద తనాకా గంధం, ముక్కులకి తెలుగు పుడకలు. బతికున్నంతకాలం ఎవరూ లేపలేనివాళ్లు.

కలం మూత దానంతటదే ఊడినట్టయింది. లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది.

"పిన్నీ, నీ పేరు ఈ కాగితమ్మీద రాయనా?"

సన్యాసమ్మ తలెత్తలేదు. "రాసీ. ఏటి కాగితం?"

"అమెరికా గవర్నమెంటు పాఠం చదువుకునేవాళ్ల జాబితా. వార్డువాళ్లకి ఇవ్వాలి. తిప్పలు రావచ్చు. ముందే చెప్తున్నాను."

"ఓలమ్మో, మూడేళ్లబట్టి పొద్దల్లా సెవిలో పోసీసి, ఇప్పుడు రాయనా అని అడుగుతావేటి? సదవలేదేటి నాను?" దారం పళ్లతో తెంపింది. "తిప్పలంటావా, డెబ్బై ఎనిమిదేళ్లదాన్ని. పటాలంలోకి తుపాకీ ఇచ్చి పంపుతారేటి? పంపమను. బువ్వ పెడతారు కదా."

మేరమ్మ నవ్వలేదు. చేతిలోని మొగ్గని తిప్పుతూ జూలియట్ కళ్లలోకే చూసింది. ఆ కాగితం దేనికోసమో ఆమెకి తెలుసు. ఇంట్లో పందొమ్మిదేళ్లవాడున్న ప్రతి ఆడదానికీ తెలుసు. "నాది రెండోది రాయి టీచరమ్మా," అంది. "పెద్దచ్చరాల్తో రాయి."

"ఏటే, నాది వొదిలేత్తారా?" భాగ్యవతి కార్డు తీసి కిటికీ ఊచల్లోంచి అందించింది. దాని వెనకే మిగిలినవి, అన్నీ కలిపి ఆరు ఆకుపచ్చవి, రెండు నీలంవి, ఎక్కడో ఒక గులాబీ.

రాసింది. సన్యాసమ్మ, డెబ్బై ఎనిమిది. మేరమ్మ, డెబ్బై నాలుగు. లక్ష్మీదుర్గ, డెబ్బై ఒకటి. బోర్డు మీద రాసినట్టు ఒక్కో అక్షరం గుండ్రంగా, దూరంనుంచి కనిపించేట్టు. అందరికంటే చిన్నది భాగ్యవతి, అరవై ఆరు. ఇందులో అబద్ధం ఏ గడిలో ఉందో చూపించమను. మూడేళ్లుగా రోజూ హాజరు. పెద్దపండగకి కూడా మానలేదు. ప్రశ్నలు అడిగారు, పోట్లాడుకున్నారు, చిన్న రాష్ట్రానికీ పెద్ద రాష్ట్రానికీ సమానంగా ఇద్దరేసి సెనేటర్లేమిటని భాగ్యవతి వారంపాటు అలిగింది. విద్యార్థి అంటే ఇంతకంటే ఏం కావాలి. తనమీద తను సాక్ష్యం చెప్పుకోనక్కర్లేదని వాళ్ల అయిదో సవరణ. పిల్లలమీద సాక్ష్యం చెప్పక్కర్లేదని ఎక్కడా లేదు. లేకపోతే ఏం, ఇవాళ తను రాసుకుంది. తొమ్మిది గళ్లు నిండాయి. పదోది ఖాళీ. గీత కొట్టబోయి ఆగింది, ఎందుకో తనకే తెలియలేదు. గడియారం పదకొండు కొట్టటం మొదలెట్టింది.

ఊ టిన్ ల్విన్ కాగితాన్ని పైనుంచి కిందికి చదివాడు, కిందినుంచి పైకి చదివాడు. కిళ్లీ ఒక దవడనుంచి రెండో దవడకి మారింది. "ఇదేంటి సయామ? నాతో ఆడుకుంటున్నారా?"

"మీరు అడిగిన జాబితా. బయటే ఉన్నారు, పిలిచి కనుక్కోండి."

పిలిచాడు. సన్యాసమ్మ ఒళ్లోని మొగ్గలు దులుపుకుంటూ వచ్చి, కూర్చోమనకుండానే కుర్చీలో కూర్చుంది. ఆవిడ బర్మా భాష పుట్టినప్పటినుంచీ మాట్లాడుతున్నదే, కానీ అందులో శ్రీకాకుళం యాస అలాగే ఉంటుంది, రేవులో దిగి ఇల్లు చేరనట్టు. ఏం చదువుతున్నావమ్మా అంటే అమెరికా గవర్నమెంటు అంది. గుమాస్తా ఫక్కున నవ్వాడు. వార్డు పెద్ద నవ్వలేదు. "సరే. అక్కడ పై సభలో ఎంతమంది?"

"వందమంది. రాష్ట్రానికి ఇద్దరు. అది అన్యాయమని మా భాగ్యవతి అంటుంది, నేను కాదంటాను. కింది సభలో నాలుగు వందల ముప్పై అయిదు. పెద్ద జడ్జీలు తొమ్మిదిమంది, మా లాగే."

గుమాస్తా ఫోను తీసి ఏదో నొక్కి చూశాడు. నవ్వు మానేశాడు. "సరిగ్గానే చెప్పింది," అన్నాడు మెల్లిగా.

"మరి ప్రెసిడెంటు ఒక మాటంటే ఇంతమంది అడ్డమైతే," అన్నాడు ఊ టిన్ ల్విన్, "ఇంక పనులెలా అవుతాయి అక్కడ?"

సన్యాసమ్మ అతన్ని జాలిగా చూసింది, మొగ్గ ఏదో పువ్వేదో తెలియనివాణ్ని చూసినట్టు. "ఆలస్యంగానే అవుతాయి బాబూ. కానీ కట్టేదీ, కొలిచేదీ, అమ్మేదీ ఒక్కరే అయితే మూర పొట్టిదైపోతుంది." అని మోచెయ్యి చాపి చూపించి, మెల్లిగా ముడిచింది. తర్వాత ఆవిడ చూపు బల్ల మీది మూడు ముద్రల మీద నిలిచింది. ఆ గదిలో అందరి చూపూ అక్కడికే వెళ్లింది, అతనిది కూడా. అతని చెయ్యి వాటిమీదే ఉంది. తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

తర్వాత జూలియట్ వైపు తిరిగాడు. గొంతులో తమ్ముడు లేడు. "వీళ్లేనా? ఇంకెవరూ రావటం లేదా?"

ఇదీ అసలు ప్రశ్న. గంటసేపు ఎదురుచూసింది దీనికోసమే. లేదు అంటే అయిపోతుంది. రెండక్షరాలు. నాన్న అయితే అనేవాడేమో, తల దించుకుని. మేరమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది, ఆమె చేతిలో కట్టని దారం. జూలియట్ తల ఎత్తే ఉంచింది.

"నేను రాసే పేర్లు ఇవే."

"నేను అడిగింది అది కాదు."

"తెలుసు."

"మీ కార్డు సంగతి..."

"నా నంబరు కాగితం పైన రాశాను. స్పష్టంగానే ఉంది."

అతను ఆమెని చూశాడు, గుమ్మంలో పేరుకున్న తొమ్మిదిమందిని చూశాడు. పైవాళ్లకి ఈ కాగితం పంపితే తనని ఏమంటారో లెక్క వేసుకుంటున్నట్టు కిళ్లీ నమలటం ఆపాడు. పంపకపోతే ఏమంటారో కూడా. తర్వాత వేలితో కాగితం అడుగున కొట్టాడు. "సంతకం లేదు."

"ఒక గడి ఖాళీగా ఉంది. ఖాళీ గడి ఉంచి మా ఇంట్లో సంతకం చెయ్యరు."

"గురువారం నేనే వస్తాను," అన్నాడు. "మీ మెట్లెక్కి, మీ క్లాసులో కూర్చుని, ఎవరు చదువుతున్నారో నా కళ్లతో చూస్తాను."

"రండి. నాలుగింటికి. సుప్రీంకోర్టు పక్కన చోటుంది."

కాగితాన్ని అతని వేళ్లకిందనుంచి మెల్లిగా తనవైపు లాక్కుంది. పదో గడిలో కలం ఆనించి, గుండ్రటి అక్షరాల్లో, దూరంనుంచి కనిపించేట్టు, ఊ టిన్ ల్విన్ అని రాసింది. గుమాస్తా నోరు తెరిచాడు. బయట ఎవరో చేతిలోని బుట్ట వదిలేశారు, మల్లెమొగ్గలు వరండా అంతా దొర్లాయి. జూలియట్ పేరు పక్క ఖాళీలోకి కలం జరిపి, హాజరుపట్టీ ముందు కూర్చున్న పంతులమ్మలా తలెత్తి అతనికేసి చూసింది.

"వయసెంత వెయ్యమంటారు?"